పై పళ్ళున్న డాక్టరు

ఉప్పలదిన్నెలో సింగరయ్య కొట్టం ఎక్కడని ఎవర్నీ అడగక్కర్లేదు. ఉడుకుతున్న ఉలవల వాసన పట్టుకుని నడిస్తే చాలు, అదే తీసుకెళ్ళి గుమ్మం ముందు నిలబెడుతుంది. ఆ ఉలవలు సింగరయ్య ఇంట్లోవాళ్ళకు కాదు లెండి, ఎడ్లకు. ఇంట్లోవాళ్ళు చారన్నం తింటారు. ఎడ్లు ఉలవలూ, తెలగపిండీ, మధ్యమధ్యలో కోడిగుడ్లూ తింటాయి. ఎందుకంటే అవి సేద్యపు ఎడ్లు కావు, పోటీ ఎడ్లు. తిరునాళ్ళలో పెద్ద బండరాయికి గొలుసు కట్టి ఎడ్ల జత చేత లాగిస్తారు చూడండి, ఇచ్చిన టైములో ఎవరు ఎక్కువ దూరం లాగితే వాళ్ళకు బహుమతి, ఆ పోటీ అన్నమాట.

కాడికి కుడిపక్కన కట్టేది మైలన్నను. వయసులో పెద్దవాడు, నిదానస్తుడు, ప్రతిదానికీ ఒక పద్ధతి ఉండాలంటాడు. ఎడమపక్కన చుక్కన్న. నుదుటి మీద నల్లచుక్క, కొండలాంటి మూపురం, నడుస్తుంటే గంగడోలు అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. ఒంట్లో ఏ లోటూ లేదు. ఇంటి దగ్గర పొలంలో బండ కడితే ఆగమన్నా ఆగడు. ఉన్న లోటల్లా ఒకటే, పోటీలో విజిల్ పడిందంటే కొయ్యబారి నిలబడిపోతాడు.

కిందటి తిరునాళ్ళలో ఏమైందంటే, విజిల్ పడింది, జనం ఈలలు, మైలన్న ఒక్కడే లాగాడు. ఒక్క ఎద్దు లాగితే బండ ముందుకు పోదు గదా, పక్కకు తిరుగుతుంది. అట్లా తిరిగి తిరిగి, టైమయ్యేసరికి బండ మొదలెట్టిన చోటే ఉంది, మొహం మాత్రం వెనక్కి పెట్టుకుంది. మైకులో ఆయన, "సింగరయ్య గారి జత బండను చక్కగా తిప్పి చూపించింది" అన్నాడు. నవ్వుతూ కూడా అనలేదు. అదింకా మంట.

అంతకు ముందు పోటీలోనూ అంతే. పశువుల డాక్టరు వచ్చి కాళ్ళు చూశాడు, గిట్టలు చూశాడు, కళ్ళలో టార్చి వేశాడు. "ఎద్దు భేషుగ్గా ఉందయ్యా" అని చెప్పి టీ తాగి పోయాడు.

ఒకరోజు సాయంత్రం సింగరయ్య ఉలవలు పోస్తూ పెళ్ళాంతో అన్నాడు: "వచ్చేది మన ఊరి తిరునాళ్ళ. చుట్టాలందరి ముందూ ఇది ఇట్టాగే నిలబడిందనుకో, మర్నాడే సంతకు తోలేస్తా. మైలన్నకు వేరే జత చూసుకుంటా."

పక్కనే ఉన్న ఎద్దుకు ఈ మాట తెలుస్తుందని ఏ రైతూ అనుకోడు. చుక్కన్న గంపలో మూతి పెట్టాడు గానీ నమలడం మానేశాడు. మైలన్న కూడా మానేశాడు. ఒకే సంతలో ఒకే రోజు కొన్నారు వాళ్ళిద్దర్నీ. అప్పట్నుంచీ ఒకే కాడి.

"అన్నా," అన్నాడు చుక్కన్న కాసేపటికి. "విన్నావా?"

"విన్నా. తిను ముందు."

"సంతంటే మళ్ళీ రైతే కొంటాడంటావా?"

మైలన్న గంపలోంచి మూతి తీశాడు. సంతకు కబేళా లారీల వాళ్ళు కూడా వస్తారని ఇద్దరికీ తెలుసు.

గాటి చివర కట్టేసిన మేక రత్తమ్మ అప్పుడు గొంతు సవరించుకుంది. రత్తమ్మ లోకజ్ఞానం ఉన్న మేక. పేపరు కనబడితే చాలు, వదిలిపెట్టదు.

"మొన్న ఒక పేపరు తిన్నాను," అంది. "అందులో ఉంది. ఆటల పోటీలకు పోయేవాళ్ళకు మనసు డాక్టర్లు వేరే ఉంటారంట. ఒళ్ళు బాగానే ఉండి, జనాన్ని చూడగానే చేతులూ కాళ్ళూ ఆడవు చూడు, అట్లాంటి వాళ్ళకు."

"మనసుకు డాక్టరేంటి పిన్నీ," అన్నాడు చుక్కన్న. "ఎక్కడ నొక్కి చూస్తాడు?"

"నొక్కడంట. మాట్లాడిస్తాడంట."

"పేరు రాశారా, ఊరు రాశారా?"

"రాసే ఉంటారు. ఆ ముక్క ముందే తినేశాను."

సరే, పేపర్లో డాక్టరు పొట్టలోకి పోయాడు గాబట్టి చుట్టుపక్కలే ఎవరైనా ఉన్నారేమో చూద్దామనుకున్నారు. గుడ్లగూబ మంచిదంటారు గానీ ఆవిడ పగలు లేవదు, వీళ్ళు రాత్రి కట్టుకొయ్య వదలరు, కుదరదు. ఇక మిగిలింది ఇద్దరు. కుంటలో ఉండే తాబేలు కూర్మమ్మ, తుమ్మపొదల్లో ఉండే నక్క సోమలింగం.

"ఇద్దర్లో ఎవరు మంచివాళ్ళో ఎట్లా తెలుస్తుంది?" అన్నాడు చుక్కన్న.

"దానికి పద్ధతుంది," అన్నాడు మైలన్న. "మనల్ని సంతలో ఎట్లా చూసి కొన్నారు?"

"పళ్ళు చూశారు. ఒంటి మీద సుళ్ళు ఎక్కడెక్కడున్నాయో చూశారు. తోక పట్టి లాగారు. నడిపించి చూశారు."

"మనం మంచి ఎడ్లమేగా?"

"మంచి ఎడ్లమే."

"మరి అదే పద్ధతి."

చుక్కన్నకు ఇందులో ఏ వంకా కనబడలేదు. మీకు కనబడుతుంటే మీరు ఎద్దు కాకపోవడం వల్ల.

మర్నాడు మధ్యాహ్నం కాపరి తాత కుంట గట్టున తుండుగుడ్డ పరుచుకుని కునుకు తీస్తుంటే ఇద్దరూ కూర్మమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ బురదలో ఎండ కాచుకుంటోంది.

"పెద్దమ్మా, కాస్త నోరు తెరువు," అన్నాడు మైలన్న మర్యాదగా.

ఆవిడ తెరిచింది.

"పళ్ళు లేవు," అన్నాడు మైలన్న వెనక్కి తిరిగి.

"పుట్టినప్పట్నుంచీ లేవు నాయనా."

"సుళ్ళేమన్నా ఉన్నాయా?"

"వెంట్రుకే లేదు, సుడి ఎక్కడ పెట్టుకోమంటావు?"

మైలన్న తోక కోసం వంగాడు. ఆ తోక దొరికేంతది కాదు. దొరికేలోపే కూర్మమ్మ తలా కాళ్ళూ అన్నీ డిప్పలోకి లాగేసుకుంది. ఇద్దరూ నిలబడి చూశారు. చాలాసేపటికి ఒక కాలు బయటికొచ్చింది. నేల మీద ఆనింది. తర్వాత ఇంకో కాలు. అన్నింటికంటే ఆఖర్న తల.

"ఏంటట్లా లోపలికి పోయావు?" అన్నాడు మైలన్న.

"భయమేసింది."

"నీకే భయమైతే మావాడికేం వైద్యం చేస్తావు?"

"వైద్యమని నేనెప్పుడన్నాను? కూర్చుని మాట్లాడుకుందామంటాను."

"బహుమతి వస్తుందని గ్యారంటీ ఇస్తావా?"

"ఇవ్వను."

మైలన్న చుక్కన్నకేసి చూశాడు. ఇక నడక చూడాల్సిన పని కూడా లేదని ఆ చూపు. ఇద్దరూ గట్టెక్కుతుంటే కూర్మమ్మ వెనకనించి పిలిచింది.

"నాయనా చుక్కన్నా, విజిల్ పడ్డాక నువ్వేం చేస్తావు?"

"ఏం చేస్తాను, నిలబడిపోతాను."

"నిలబడి?"

నిలబడ్డావేంరా అని తిట్టినవాళ్ళు బోలెడుమంది గానీ, నిలబడి ఏం చేస్తావని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. చుక్కన్న తోక విదిలించి వెళ్ళిపోయాడు. దారి పొడుగునా ఆ ప్రశ్న జోరీగలా వెంటపడింది.

నక్క సోమలింగం ఇంటి ముందు మాత్రం చక్కగా ఊడ్చి ఉంది. ఆయన ఒక చదును రాయి మీద కూర్చుని, తోక ఒళ్ళో పెట్టుకుని, ఎవరో వస్తారని ముందే తెలిసినట్టున్నాడు.

"రండి చుక్కన్న గారూ. విజిల్ సమస్యేగా? ఊరంతా అనుకుంటున్నారు."

"డాక్టరు గారూ, తమరు ముందు నోరు తెరవాలి," అన్నాడు మైలన్న.

సోమలింగం తెరిచాడు. మైలన్న వంగి చూశాడు. చూసి, అట్లాగే ఉండిపోయాడు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఎద్దుకు ముందుపళ్ళు కింద దవడకే ఉంటాయి. పైన ఉత్త చిగుళ్ళు. ఎంత పేరున్న ఒంగోలు గిత్తకైనా అంతే. సంతలో కింది పళ్ళు చూసే బేరం సాగుతుంది. పైన కూడా ఉంటాయని మైలన్న కలలో కూడా అనుకోలేదు.

"చుక్కా," అన్నాడు మెల్లిగా. "ఇటు రా. పైన కూడా ఉన్నాయి."

చుక్కన్న వచ్చి చూశాడు. నిజంగానే ఉన్నాయి. వరసగా, తెల్లగా, మొనదేరి.

తోక చూశారు, ఒత్తుగా ఉంది. నడక చూశారు, చప్పుడే లేదు. "ఇంతకు ముందు ఎవరికన్నా నయం చేశారా?" అని అడగడం కూడా మర్చిపోయేవారే గానీ సోమలింగమే చెప్పాడు.

"గట్టు మీది కుందేలుకు నేనే చూశాను. పాపం, ఆకు కదిలితే ఉలిక్కిపడేది. ఇప్పుడు దేనికీ భయం లేదు."

"ఎక్కడుందిప్పుడు?"

"చాలా ప్రశాంతంగా ఉంది."

మైలన్న తల పంకించాడు. అంతటి డాక్టరు ఉప్పలదిన్నె లాంటి ఊళ్ళో ఉండటం మన అదృష్టమన్నాడు.

వైద్యం ఆరోజే మొదలైంది. మైలన్నను దూరంగా మేయమని పంపి, సోమలింగం గొంతు తగ్గించాడు. "ఫస్టు బహుమతి మీదే, అది నాకొదిలెయ్యండి. మీరు చెయ్యాల్సిందల్లా లోపలున్నది దాచకుండా చెప్పడం. చిన్న ముక్క మిగిలినా మందు పనిచెయ్యదు."

చుక్కన్న చెప్పాడు. ఏ ఒక్కరికీ, మైలన్నకు కూడా చెప్పనిది చెప్పాడు. మొట్టమొదటి పోటీలో విజిల్ పడిన క్షణానే వెనక పాకలోంచి ఏదో ఎద్దు పెద్దగా రంకె వేసింది. దాంతో గుండె ఝల్లుమని చెవులు వెనక్కి తిరిగాయి, కాళ్ళు ముందుకు పడలేదు, జనం పగలబడి నవ్వారు. అప్పట్నుంచీ విజిల్ వినబడితే చాలు, ఆ రంకె గుర్తొచ్చి ఒళ్ళు బిగుసుకుపోతుంది.

"ఊఁ," అన్నాడు సోమలింగం. "ఏ చెవి వైపు వినబడింది?"

"ఎడమ చెవి."

"ఊఁ. ఎడమ చెవి." చాలా శ్రద్ధగా విన్నాడు. అంత శ్రద్ధగా చుక్కన్న మాట ఎవరూ వినలేదనే చెప్పాలి.

మందేంటంటే, రోజూ తెల్లారగానే "నేను పులిని" అని పైకి గట్టిగా అనుకోవాలి. చుక్కన్న నమ్మకంగా అన్నాడు. మొదటి రోజే పులి పేరు విని పాడిగేదె పలుపు తెంచుకుంది, రెండో రోజు పాలివ్వలేదు. సింగరయ్య పెళ్ళాం దిష్టి తీసింది. చుక్కన్న మాత్రం మనసు తేలికపడిందన్నాడు. అది నిజమే. బరువు ఎవరి దగ్గరైనా దించితే తేలిగ్గానే ఉంటుంది, దించిన చోటేదో తర్వాత తెలుస్తుంది.

తెలిసింది, ఊరి నీళ్ళ తొట్టి దగ్గర.

పై వీధి చెన్నప్ప గారి ఎద్దు కోటప్ప నీళ్ళు తాగడానికొచ్చాడు. అతనిదీ పోటీ జతే, సింగరయ్య జతకు ఎప్పట్నుంచో పోటీ. చుక్కన్న నీళ్ళలో మూతి పెట్టి ఉన్నాడు. కోటప్ప ఎడమపక్కకు చేరి, నోట్లోంచి సన్నగా విజిల్ లాంటి చప్పుడొకటి చేసి, ఆ వెంటనే చెవిలో పెద్ద రంకె వేశాడు.

చుక్కన్న అట్లాగే నిలబడిపోయాడు. మూతి మీదినించి నీళ్ళు కారుతున్నాయి గానీ తల ఎత్తలేకపోయాడు, దించలేకపోయాడు.

"బాగానే పనిచేస్తోందే," అన్నాడు కోటప్ప తన జతగాడితో. "డాక్టరు గారు ఎడమ చెవే అని ఖాయంగా చెప్పారు."

"ఏ డాక్టరు?" అన్నాడు చుక్కన్న, ఎట్లాగో నోరు పెగుల్చుకుని.

"మీ డాక్టరే తమ్ముడూ. మా దగ్గర కూడా చూస్తాడుగా. ఫీజు కోళ్ళ లెక్కన. సగం ఇచ్చేశాం, మిగతా సగం నువ్వు తిరునాళ్ళలో నిలబడ్డాక. మా చెన్నప్ప కోళ్ళ గూడు దగ్గరికి ఎవరొచ్చినా మేం కళ్ళు మూసుకుని నెమరేసుకుంటాం, అంతే. వస్తాం మరి. చెవి జాగ్రత్త."

చుక్కన్న అటునించి అటే తుమ్మపొదల దగ్గరికి పోయాడు. సోమలింగం రాయి మీదే ఉన్నాడు. మూతికి ఒక ఈక అంటుకుని ఉంది.

"నేను నీకు చెప్పింది కోటప్పకెట్లా తెలిసింది?"

"పెద్ద కేసుల్లో ఇంకొకరి సలహా కూడా తీసుకుంటాం చుక్కన్న గారూ," అన్నాడు సోమలింగం ఏమీ తడుముకోకుండా. "వాళ్ళు కూడా ఎడ్లేగా. ఎద్దు బాధ ఎద్దుకే తెలుస్తుంది. ఇంతకీ పులిని అనుకోవడం మానలేదుగా?"

ఆ మాటకు కుమ్మాల్సింది. కానీ ఆ పూట చుక్కన్నకు కొమ్ములున్న సంగతే గుర్తు లేదు. తల వేలాడేసుకుని నడిచాడు. నడుస్తూ నడుస్తూ చూస్తే కుంట దగ్గరున్నాడు.

"వచ్చావా నాయనా," అంది కూర్మమ్మ.

చుక్కన్న కుంటలో రెండు గుక్కల నీళ్ళు తాగాడు. ఆవిడ తొందరపెట్టలేదు.

"పెద్దమ్మా, నేను చెప్పింది నీ దగ్గరే ఉంటుందా?"

కూర్మమ్మ డిప్పలోకి పోయింది. లోపలినించి మాట వచ్చింది. "ఇందులో నాకు తప్ప ఇంకెవరికీ చోటు లేదు. ఇక్కడికొచ్చిన మాట ఇంకెక్కడికి పోతుంది?"

అప్పుడు చుక్కన్న గట్టున మోకాళ్ళు వంచి పడుకున్నాడు.

"ఆరోజు అడిగావు గదా, నిలబడి ఏం చేస్తావని. నిలబడి వింటాను."

"ఏం వింటావు?"

"రంకె వస్తుందేమోనని." తొట్టి దగ్గర జరిగింది, నక్క చేసింది, మొట్టమొదటి పోటీ, అంతా చెప్పాడు.

"మొదటిసారి వచ్చింది. రెండోసారి వచ్చిందా?"

చుక్కన్న ఆలోచించాడు. "రాలేదు."

"కిందటి తిరునాళ్ళలో?"

"రాలేదు. వస్తుందేమో అని వింటూనే ఉన్నా. ఈలోపు టైమైపోయింది."

"ఈసారి మటుకు కోటప్ప ఖాయంగా వేస్తాడన్నమాట."

"వేస్తాడు."

"మంచిదేగా."

"మంచిదేంటి పెద్దమ్మా?"

"ఎదురుచూసే పని తప్పింది."

చుక్కన్నకు ఒక్క క్షణం నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

"భయం పోయే మందు నీ దగ్గరుందా?" అన్నాడు.

"లేదు. నాదే పోలేదు. చిన్నప్పుడు వచ్చింది, ఇక్కడే ఉంది. పొమ్మంటే పోదు. నేను లోపలికి పోతాను, అది పక్కన కూర్చుంటుంది. దాన్ని కూర్చోనిచ్చి, నేను ఊపిరి మెల్లిగా వదిలి, ఒక్క కాలు బయట పెడతాను. ఒళ్ళంతా ఒకేసారి కదలమంటే ఎట్లా కదులుతుంది? ఒక్క కాలైతే కదులుతుంది. అది నేలకానాక మిగతావి వాటంతటవే వస్తాయి. నీకు ఏ కాలు ముందు?"

"ఎడమ ముంగాలు."

"అయితే అదే. రంకె వినబడితే ఊపిరి వదులు, ఎడమ ముంగాలు పెట్టు. బండ సంగతీ, జనం సంగతీ, సంత సంగతీ నీకొద్దు. అయితే ఇది మాటల్లో చెప్తే వచ్చేది కాదు, అలవాటు చెయ్యాలి. విజిల్ వెయ్యడానికి గోరింకను పిలుస్తాను, అది తిరునాళ్ళలో విని నేర్చుకుంది. ఎందుకని అది అడిగినా చెప్పను. రంకె వెయ్యడానికి ఎద్దు కావాలి."

"మైలన్న ఉన్నాడు. నువ్వు చెప్తావా అన్నకి?"

"నీ మాట నేనెట్లా చెప్తాను? నువ్వే చెప్పుకో."

ఇదే అన్నిటికంటే కష్టమైంది. సాయంత్రం కొట్టంలో మైలన్న నెమరేస్తున్నాడు. చుక్కన్న గంప వైపు చూస్తూ చెప్పాడు. రంకె సంగతీ, వింటూ నిలబడిపోయే సంగతీ, కోటప్ప సంగతీ. మైలన్న నెమరు ఆపి విన్నాడు.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేంరా?"

"నవ్వుతావని."

"నేనేమనుకున్నానో తెలుసా," అన్నాడు మైలన్న. "నాతో లాగడం నీకిష్టం లేదేమోననుకున్నా. ముసలోడి పక్కన కట్టారని నీకు నామోషీ ఏమో, సంతలో వేరే జత దొరుకుతుందని చూస్తున్నావేమోనని. అందుకే నేను కూడా అడగలేదు."

రత్తమ్మ మేక ఏదో అనబోయి, జీవితంలో మొదటిసారి ఊరుకుంది. మైలన్నే అన్నాడు, "ఆ పళ్ళు చూసి నేనే మోసపోయాను. పైన కూడా ఉన్నాయని మురిసిపోయాను గానీ, ఎందుకున్నాయని ఆలోచించలేదు."

మర్నాటినుంచీ సాధన మొదలు. కుంట గట్టున ఇద్దరూ కాడి కట్టినట్టు పక్కపక్కన నిలబడేవారు. గోరింక విజిల్ వేసేది. మైలన్న మెడ మీదుగా మూతి చాచి చుక్కన్న ఎడమ చెవి దగ్గర రంకె వేసేవాడు. మొదట్లో చుక్కన్న మామూలుగానే కొయ్యబారిపోయేవాడు. "ఊపిరి," అనేది కూర్మమ్మ. "కాలు." అంతే, ఇంకేమీ అనేది కాదు. శభాష్ అనేది కాదు, ఛీ అనేది కాదు. కాలు పడిన రోజు పడింది, పడని రోజు "రేపు చూద్దాం" అని నీళ్ళలోకి పోయేది. ఒకరోజు చుక్కన్న కోపమొచ్చి, "ఇది నావల్ల కాదు పెద్దమ్మా" అన్నాడు. "సరే, ఈ పూటకి కాదు" అందావిడ.

కాపరి తాత నిద్ర పాడై, తుండుగుడ్డ తీసుకుని ఇంకో గట్టుకు మారిపోయాడు.

పొలంలో సింగరయ్య బండ కట్టి తోలుతున్నప్పుడు కూడా గోరింక తుమ్మకొమ్మ మీద వాలి విజిల్ వేసేది. మైలన్న లాగుతూ లాగుతూ రంకె వేసేవాడు. సింగరయ్య ఎవడో పోకిరీ వెధవ విజిల్ వేసి ఏడిపిస్తున్నాడనుకుని గట్ల వెంట తిరిగి తిరిగి వెతికేవాడు. ఆయన వెతుకుతున్నంతసేపూ ఎడ్లు రెండూ అదిలించేవాడు లేకుండానే బండ లాక్కుంటూ పోయేవి. అది మాత్రం ఆయన గమనించలేదు.

తిరునాళ్ళ వచ్చింది. రంగులరాట్నం, జీళ్ళు, గాజుల కొట్లు, మైకు, అన్నీ మామూలే. బరి చుట్టూ కర్రలు పాతి తాడు కట్టారు. సింగరయ్య జతను ముందు పిలిచారు. చెన్నప్ప జత తర్వాత లాగాలి, బరి పక్కనే ఎడమవైపు కట్టేసి ఉంది. కోటప్ప గొంతు సవరించుకుంటున్నాడు. బరి వెనకున్న పాక మూల నుంచి సోమలింగం తోక కొస కనబడుతోంది.

చుక్కన్న మెడ మీద కాడి పడింది. భయం ఎక్కడికీ పోలేదు, వచ్చి పక్కన కూర్చుంది.

"ఉన్నాను," అన్నాడు మైలన్న పక్కనించి.

విజిల్ పడింది.

కోటప్ప రంకె వేశాడు. మామూలు రంకె కాదు, కోళ్ళు ఇచ్చి కొనుక్కున్న రంకె. తాడు పట్టుకున్నవాళ్ళు కూడా ఒక అడుగు వెనక్కి వేశారు. చుక్కన్న చెవులు వెనక్కి తిరిగాయి. కాళ్ళు బిగుసుకున్నాయి. సింగరయ్య కళ్ళు మూసుకున్నాడు.

చుక్కన్న ఊపిరి వదిలాడు. ఎడమ ముంగాలు ముందుకు పడింది. తను వేశాడో, అదే పడిందో తనకే తెలీదు. దాని వెనకే రెండో కాలు. గొలుసు బిగిసింది, బండ కిరకిరమని కదిలింది.

కోటప్ప మళ్ళీ వేశాడు. మళ్ళీ ఎడమకాలు పడింది. ఇంకా గట్టిగా వేశాడు, బండ ఇంకా జోరందుకుంది. ఏదో తేడాగా ఉందని కోటప్పకు అనుమానం వచ్చింది గానీ, డాక్టరు మాట మీద నమ్మకం కొద్దీ ఆపలేదు. జతగాడిని కూడా వెయ్యమన్నాడు. ఇద్దరూ కలిసి వేశారు. బరి చివర జత మలుపు తిరిగే చోట చుక్కన్న ఒకసారి ఆగిపోయాడు, జనం "పోయిందిరా" అన్నారు. ఆ క్షణాన అతనికి మళ్ళీ సంత గుర్తొచ్చింది. మైలన్న కూడా లాగకుండా ఆగాడు, ఈసారి ఒక్కడే లాగి బండను పక్కకు తిప్పలేదు. ఎదురుచూశాడు. కోటప్ప రంకె మళ్ళీ వచ్చింది. ఊపిరి, కాలు. కదిలారు.

టైము అయ్యేసరికి బండ ఎక్కడుందో చూడటానికి జనం పరుగెత్తారు. మైకాయన కొలతలు చదివి, "సింగరయ్య గారి జత ఈసారి బండను తిప్పకుండా తీసుకుపోయింది" అన్నాడు, అదే గొంతుతో.

తర్వాత చెన్నప్ప జత వంతు. అప్పటికే వాళ్ళ గొంతులు పోయాయి, డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఊపిరంతా ఊరికే ఖర్చుపెట్టుకుని బరిలోకి వచ్చారు. మధ్యలోనే కోటప్ప మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

ఫస్టు బహుమతి ఎక్కడో దూరం నుంచి లారీలో వచ్చిన జతకు పోయింది, అవి నిజంగానే గొప్ప ఎడ్లు. సింగరయ్య జతకు రెండోది. సింగరయ్య చుక్కన్న మెడ పట్టుకుని గంగడోలు నిమురుతూ, "నువ్వు సంతకు పోయే ఎద్దువు కాదురా" అన్నాడు. చుట్టాలందరూ వినేట్టు అన్నాడు. ఆరోజు ఉలవల్లో బెల్లం కూడా కలిపారు.

ఇక సోమలింగం. ఆయన పనిమంతుడు, ఫీజు వదులుకునే రకం కాదు. ఊరంతా ఇంకా తిరునాళ్ళలో ఉండగానే పై వీధికి పోయి, చెన్నప్ప కోళ్ళ గూడు దగ్గరికి నడిచాడు. కోటప్ప అప్పుడే వచ్చి పడుకుని ఉన్నాడు.

"మిగతా సగానికి వచ్చాను," అన్నాడు సోమలింగం.

కోటప్ప లేచాడు. రంకె వేద్దామంటే గొంతు లేదు. అందుకని మాట్లాడకుండా వెనక్కి తిరిగాడు. సోమలింగం ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు, మందు ఒక్కొక్కరికి ఒక్కోలా పనిచేస్తుందనీ, దానికి డాక్టరు పూచీ ఉండదనీ. నోరు పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు తన్ను తగిలింది.

కొన్నాళ్ళకు చుక్కన్న, మైలన్న మేతకు పోతుంటే తుమ్మపొదల దగ్గర సోమలింగం ఎదురొచ్చాడు. "చుక్కన్న గారూ, ఎట్లా ఉన్నారు? ఫస్టు రాకపోవడానికి కారణం మీరు మధ్యలో వైద్యం మానెయ్యడమే," అన్నాడు. మాట కాస్త గాలి కలిసి వచ్చింది.

"ఏదీ, నోరు తెరవండి," అన్నాడు మైలన్న.

అలవాటు కొద్దీ సోమలింగం తెరిచాడు. మైలన్న వంగి, నిదానంగా చూశాడు.

"చుక్కా, ఇటు రా. పైన ఏమీ లేవు, ఇప్పుడు అచ్చం మనలాగే ఉన్నాడు."

చుక్కన్న చూడ్డానికి ఆగలేదు. కుంట వైపు నడుస్తున్నాడు. వచ్చే తిరునాళ్ళకు ఇంకా చాలా టైముంది గానీ, కూర్మమ్మతో మాట్లాడి నాలుగు రోజులైంది.

మనసు విప్పి చెప్పుకోవడానికి ఒకరిని వెతుక్కునేటప్పుడు, వాళ్ళకు పళ్ళెన్నున్నాయో చూడకండి, మీ మాట దాచడానికి వాళ్ళ దగ్గర చోటుందో లేదో చూడండి.